మణిశంకర్ తద్దినాల ప్రోగ్రాము

పాలకొల్లులో మణిశంకర్‌ను జనం రెండు రకాలుగా గుర్తుపడతారు. డిగ్రీ కాలేజీ పిల్లలకు ఆయన కంప్యూటరు మాస్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో కొన్ని ఇళ్ళవాళ్ళకు మాత్రం భాస్కరం గారబ్బాయి. తల సగం నెరిసినా, కూతురు ఇంజనీరింగు చదువుతున్నా, ఆ ఇళ్ళలో ఆయన ఇంకా అబ్బాయే. పురోహితుడి కొడుకై పుట్టినవాడికి ఈ తిప్పలు తప్పవు మరి.

మనిషి బంగారం. కాకపోతే మహా నిదానం. ఆయన స్కూటరు నడుపుతుంటే సైకిళ్ళు దాటి వెళ్ళిపోతాయి. షాంపూ పొట్లం మీదున్న సన్నక్షరాలు కూడా ఆసాంతం చదివిగాని చింపడు. "మీరా పొట్లం చదవడం పూర్తిచేసేలోపు నా జుట్టు ఆరిపోతుందండీ," అంటుంది భార్య హారతి. ఆయన నవ్వేసి ఇంకో రెండు లైన్లు చదువుతాడు.

తండ్రి భాస్కరం గారు తద్దినాలు పెట్టించడంలో చెయ్యి తిరిగినవారు. ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరింట్లో పెద్దల తిథి వస్తోందన్నా వారం ముందుగా తనే ఫోను చేసి చెప్పేవారు. "ఏమండీ, వచ్చే మంగళవారం మీ అమ్మగారి తిథి. దర్భలూ నువ్వులూ నేను తెస్తాను, అరిటాకులు మీరు చూసుకోండి," అని. ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఫోనుకు అలవాటుపడి తిథులు గుర్తుపెట్టుకోవడమే మానేశారు. భాస్కరం గారు కాలం చేసి నాలుగేళ్ళయింది. ఆయన పోయాక ఆ ఫోన్ల పని ఆయన భార్య మాణిక్యాంబ గారు నెత్తికెత్తుకున్నారు. ఉదయం కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం ఒళ్ళో వేసుకుని కూర్చునేవారు. తద్దినాలు పెట్టించడం మాత్రం మణిశంకర్ వంతు. చిన్నప్పుడు తండ్రి వెనకాల తిరిగి నేర్చుకున్న మంత్రాలు ఆయనకు నోటికి వచ్చు. సెలవు రోజైతే సెలవు రోజు, లేకపోతే కాలేజీకి సెలవు పెట్టుకుని వెళ్ళొచ్చేవాడు.

అంతా బాగానే ఉండేదిగానీ, పెద్దావిడకు ఈమధ్య వినికిడి తగ్గింది. ఆవిడ ఫోనులో అరిచేవారు, అవతలివాళ్ళూ అరిచేవాళ్ళు. ఎవరి తద్దినం ఎప్పుడో వీధంతటికీ తెలిసిపోయేది. ఎదురింటి పెద్దిరాజు గారైతే, "మాణిక్యాంబ గారూ, లంకలకోడేరు వాళ్ళది గురువారమేనాండీ? నాకు బుధవారం అని వినపడింది," అని గుమ్మంలో నిలబడి వేళాకోళం ఆడేవారు. ఆవిడకు రోషం వచ్చేది. పాపం, అరిచి అరిచి గొంతు కూడా బొంగురుపోయేది.

అది చూడలేకే మణిశంకర్ ప్రోగ్రాము రాద్దామనుకున్నాడు. ఇళ్ళవాళ్ళ తిథులన్నీ అందులో ఉండాలి. ఏటా ఏ తిథి ఏ తారీఖున వస్తుందో అదే లెక్కగట్టాలి, వారం ముందు అదే ఫోనుకు మెసేజీ పంపాలి. అమ్మ హాయిగా కాఫీ తాగి కూర్చోవాలి. అనుకోవడం సంక్రాంతికి ముందు అనుకున్నాడు, మొదలుపెట్టేసరికి శివరాత్రి వెళ్ళిపోయింది. అదీ ఆయన నిదానం.

కూతురు సహస్ర భీమవరంలో చదువుతూ శని ఆదివారాలకు ఇంటికొస్తుంటుంది. కోడు రాసే ఏఐ సంగతి తండ్రికి చెప్పింది ఆ పిల్లే.

"దాన్ని మూడు రకాలుగా వాడొచ్చు నాన్నా," అంది లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. "ఒకటి, నువ్వు రాసుకుంటూ పోతుంటే తర్వాతి ముక్క అది అందిస్తుంది. నచ్చితే తీసుకో, లేకపోతే లేదు. రెండోది, నీకేం కావాలో చెప్పేసి కూర్చోవడం. కోడు అదే రాస్తుంది, అదే నడిపి చూస్తుంది, తప్పులొస్తే అదే దిద్దుకుంటుంది. నువ్వు ఓకే అంటే చాలు. మూడోది, ముందు నిన్ను ప్రశ్నలడుగుతుంది. ఏం చెయ్యబోతోందో చెప్తుంది. నువ్వు సరేనన్నాక కొంచెం కొంచెంగా రాస్తుంది. రాసిందల్లా నువ్వు చదవాలి."

మణిశంకర్‌కు నవ్వొచ్చింది. "మా దగ్గర తద్దినం పెట్టే కర్తలూ ఇంతేనే తల్లీ. కొందరికి మంత్రాలొచ్చు. మొదటి ముక్క అందిస్తే చాలు, మిగతాది వాళ్ళే చెప్పేస్తారు. కొందరు, అన్నీ మీరే కానివ్వండి పంతులుగారూ, నేను మమ అంటానని సెల్లు చూసుకుంటారు. ఇంకో రకం ఉంటారు చూడు. నువ్వులెందుకండీ, జంధ్యం ఇటెందుకు మార్చారండీ అని అడుగడుక్కీ ప్రశ్నలే. అవతల గారెలు చల్లారిపోతుంటాయి. ఆ మూడోరకం వాళ్ళంటే మీ తాతయ్యకి ఒళ్ళుమంట."

"మరి నువ్వేం చేస్తావు?"

మామూలుగా అయితే మణిశంకర్ మొదటి రకమే. ఇరవై ఏళ్ళుగా కోడు తన చేత్తో రాసి, పిల్లలచేత రాయించినవాడు. కానీ కాలేజీలో పరీక్షల డ్యూటీలు పడ్డాయి, ఉగాది నెత్తిమీదికొచ్చింది, అమ్మ గొంతు చూస్తే రోజురోజుకీ పూడుకుపోతోంది. "మమ అనేద్దాంలే," అన్నాడు. పొట్లం మీద అక్షరాలు చదివే మనిషి, తన పేరుమీద నడవబోయే ప్రోగ్రాము చదవలేదు. ఏం చేస్తాం, ఒక్కోసారి మంచివాళ్ళ బుద్ధి కూడా అలా గడ్డి తింటుంది.

ఒకటే పేరా టైపు చేశాడు. తెలుగు నెల, పక్షం, తిథి ఇస్తే ఇంగ్లీషు తారీఖు కావాలి, పాలకొల్లు సూర్యోదయాలు తీసుకో, వారం ముందు తెలుగులో మెసేజీ పంపు అన్నాడు. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ప్రోగ్రాము తయారు. దాన్ని పరీక్షించే చిన్న ప్రోగ్రాములు కూడా అదే రాసుకుంది, అన్నీ ప్యాసయ్యాయని అదే చెప్పింది. మణిశంకర్ మరీ అంత గుడ్డిగా ఏం నమ్మలేదు లెండి. ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన గోడ కాలెండరు ముందు నిలబడి, గడిగడికీ వేలు పెట్టి సరిచూశాడు. ఒక్క తిథి కూడా తప్పు పోలేదు. "ఔరా!" అనుకున్నాడు. సహస్ర ఎగిరి గంతేసింది.

మాణిక్యాంబ గారు ఇళ్ళవాళ్ళ తిథులన్నీ గడగడా చెబుతుంటే సహస్ర ఎక్కించింది. ఉగాది నుంచి ఆవిడ ఫోను పక్కన పెట్టేశారు. పంచాంగం కూడా అలమారలోకి వెళ్ళిపోయింది. "ఇంక నీ మిషనే చూసుకుంటుందిగా. నాకేం, మహారాణీని," అన్నారు. మొదటి మెసేజీల్లో ఒకటి మణిశంకర్ ఫోనుకే వచ్చింది. చైత్ర బహుళంలో తండ్రి తిథి, ఆదివారం అని. ఆ ఆదివారం మాణిక్యాంబ గారు మడికట్టుకుని తెల్లారుజామునే పొయ్యి వెలిగించారు. కొడుకు తండ్రికి తద్దినం పెట్టాడు. ఈ ఏడు చాలా నిదానంగా, ఏ తొందరా లేకుండా, బాగా జరిగిందని అందరూ తృప్తిపడ్డారు.

అసలు సంగతి బయటపడింది వైశాఖంలో, అదీ వేరే పని పెట్టుకుంటే.

ఈ ఏడు అధిక జ్యేష్ఠం వస్తోంది. అంటే జ్యేష్ఠమాసం రెండుసార్లు వస్తుంది. మరి జ్యేష్ఠంలో పోయినవాళ్ళ తద్దినం మొదటి నెలలో పెట్టాలా, రెండో నెలలోనా, రెండింట్లోనా? దీనిమీద పండితులే ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. ఇలాంటి చిక్కుముడిని యంత్రానికి వదిలేసి మమ అనడానికి మణిశంకర్‌కు ధైర్యం చాల్లేదు. గురువారం కాలేజీకి సెలవు. సహస్ర కూడా వేసవి సెలవులకు ఇంట్లోనే ఉంది. ఉదయం టిఫినయ్యాక, సహస్రను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇవాళ ఆ మూడోరకం పెట్టమ్మా. అడగనీ ఎన్ని ప్రశ్నలడుగుతుందో," అన్నాడు.

సహస్ర అలాగే పెట్టింది. ఏఐ అప్పటికే ఉన్న ప్రోగ్రామంతా చదువుకుంది. చదివి, అధికమాసం ఊసెత్తకుండా, ముందుగా ఇంకోటి అడిగింది. "సంవత్సరీక తిథిని రోజులో ఏ వేళను బట్టి నిర్ణయించాలి? ఇప్పుడున్న ప్రోగ్రాము సూర్యోదయానికి ఉన్న తిథినే తీసుకుంటోంది. అది సరైనదేనా?"

మణిశంకర్ ఆ రెండు లైన్లు చదివాడు. మళ్ళీ చదివాడు.

తిథి మన గడియారం ప్రకారం నడవదు. ఇవాళ పొద్దున పదకొండింటికి మొదలై రేపు పొద్దున తొమ్మిదిన్నరకు అయిపోవచ్చు. రేపు సూర్యుడు ఉదయించేటప్పటికి ఆ తిథి ఉంది కాబట్టి కాలెండరు వాళ్ళు రేపటి గడిలో వేస్తారు. కానీ పెద్దలకు పెట్టే అన్నానికి సూర్యోదయంతో పనిలేదు. మధ్యాహ్నం దాటాక, అపరాహ్నం వేళకు, ఏ రోజున ఆ తిథి ఉంటే ఆ రోజే తద్దినం. అంటే ఇవాళే. ఈ ముక్క మణిశంకర్‌కు తెలియక కాదు. వాళ్ళింట్లో గోడకు కూడా తెలుసు. అందరికీ తెలిసింది గనకే ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అన్నం ఉడికాక తినాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? ఆయనా చెప్పలేదు. రెండోరకంలో అది అడగనూ లేదు. గోడ కాలెండరుతో సరిపోయిందంటే సరిపోదూ? రెండూ సూర్యోదయాన్నే పట్టుకుని కూర్చున్నాయి. అమ్మ చూసే పంచాంగంలో తద్దినాల తిథి వేరే వేస్తారు. దాన్ని అలమారలో పెట్టి తలుపేసింది కూడా వీళ్ళే.

"సూర్యోదయం కాదు, అపరాహ్నం," అని టైపు చేశాడు. "ఇప్పటిదాకా పంపిన వాటిలో ఏవి మారతాయో చూపించు," అన్నాడు. అదృష్టం బాగుండి చాలావాటికి రెండు లెక్కల్లోనూ ఒకే రోజు వచ్చింది. వచ్చేవారం తద్దినాలున్న ఇద్దరికి తారీఖు మార్చి చెబితే సరిపోతుంది. ఇంకో రెండు పేర్లు మిగిలాయి. ఒకటి లంకలకోడేరు సుధాకర్ తండ్రి అప్పాజీ గారిది. శుక్రవారమని మెసేజీ వెళ్ళింది. ఇవాళే, గురువారమే. రెండోది, భాస్కరం గారిది. ఆదివారం కాదు, శనివారం. నాన్న తద్దినం ఒక రోజు ఆలస్యంగా పెట్టాడు మణిశంకర్.

సహస్ర తండ్రి మొహం చూసి భయపడింది. "తాతయ్యది అయిపోయిందిగా నాన్నా. కోడు దిద్దేశాం. బామ్మకి చెప్పకు, ఊరికే బాధపడుతుంది."

"ముందు సుధాకర్ గారి సంగతి చూడనీ," అన్నాడాయన.

సుధాకర్ రైతు. తండ్రి పోయి ఏడాది. ఇది మొదటి సంవత్సరీకం. మెసేజీ వచ్చాక ఎందుకైనా మంచిదని ఫోను చేసి అడిగాడు కూడా. మణిశంకర్ గోడ కాలెండరు వంక చూసి, "అవునండీ, శుక్రవారమే," అన్నాడు. ఆ నమ్మకంతో చుట్టాలందర్నీ శుక్రవారం భోజనాలకు పిలుచుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏ ఇంట్లో ఏ కాలెండరు చూసినా శుక్రవారమే ఉంటుంది. ఆ మాట మణిశంకర్‌కు తట్టకపోలేదు. తట్టినందుకు సిగ్గేసింది. గబగబా ఫోను తీశాడు.

సుధాకర్ అంతా విన్నాడు. ఆనక అందుకున్నాడు. "ఏంటండీ పంతులుగారూ ఇది? రేపని మీరే కదండీ చెప్పారు? పందిరి వేయిస్తన్నానండీ. వంటోళ్ళు సాయంత్రం దిగుతారు. చుట్టాలందరికీ రేపు రమ్మని చెప్పి, ఇప్పుడేమని చెప్పమంటారు?"

"భోజనాలు రేపే కానివ్వండి. వాళ్ళని మార్చక్కర్లేదు. నాన్నగారి కార్యక్రమం ఒక్కటీ ఇవాళ మధ్యాహ్నం చేసేద్దాం. తప్పు నాదండీ. నేను సరిగా చూడకుండా చెప్పాను."

"నేను పెసరట్టు తినేశానండీ!" అన్నాడు సుధాకర్. కోపం పోయి ఏడుపు వచ్చింది గొంతులో. తద్దినం పెట్టేవాడు ఆ పూట ఏమీ తినకూడదు.

ఇలాంటప్పుడు నాన్నయితే ఏమనేవారో అని మణిశంకర్ ఒక్క క్షణం తడుముకున్నాడు. "తెలియక తిన్నదానికి దోషం లేదండీ. ఉంటే ఆ దోషమేదో నాకు రానివ్వండి. మీరు తలస్నానం చేసి, మీ ఆవిడగారిచేత మడిగా ఇంత అన్నం వండించండి. నేను బయల్దేరుతున్నాను," అన్నాడు.

ఆ రోజు కాలవగట్టు మీద సైకిళ్ళను దాటుకుంటూ వెళ్ళింది మణిశంకర్ స్కూటరు. వాకిట్లో సగం వేసిన పందిరి కింద సుధాకర్ తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. పలకరింపు లేదు. చుట్టాలు లేరు, హడావుడి లేదు. లోపల వసారాలో దర్భలు పరిచి, అపరాహ్నం వేళకు మొదలుపెట్టారు. మణిశంకర్ ప్రతి ముక్కా విడమరిచి చెప్పించాడు. ఎందుకు చేస్తున్నాడో కూడా చెప్పాడు, అడక్కుండానే. పిండం పెట్టి సుధాకర్ తలెత్తాడు. "రేపు మూడొందల మందిలో అయితే నాన్న మాట గుర్తుకొచ్చేదో లేదోనండీ," అన్నాడు మెల్లగా. స్వయంపాకం కింద బియ్యం, కూరలు, అరటిగెల తెచ్చి చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. కోపం పూర్తిగా పోలేదని చూపుల్లో తెలుస్తూనే ఉంది.

గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు గదండీ?"

"తెలిసేది కాదండీ."

"మరి తప్పు జరిగినోళ్ళందరికీ ఇలాగే చెప్తారాండీ?"

మణిశంకర్ అరటిగెలను స్కూటరు ముందు సర్దుకున్నాడు. "చెప్పాలండీ. ఇంకొక్క ఇల్లు మిగిలింది," అన్నాడు. ఎవరిల్లని సుధాకర్ అడగలేదు.

తిరిగి ఇంటికొచ్చేసరికి ఎండ చల్లబడింది. సహస్ర లాప్‌టాప్ ముందే కూర్చుని ఉంది. యంత్రం అడిగిన మిగతా ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి. మణిశంకర్ కాళ్ళు కడుక్కొచ్చి, మంచినీళ్ళు తాగి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. రెండు రోజుల అపరాహ్నంలోనూ తిథి ఉంటే ఏం చెయ్యాలి? అసలు ఏ రోజు అపరాహ్నానికీ తగలకపోతే? మైల వస్తే? అధిక జ్యేష్ఠం సంగతేంటి? మంచి ప్రశ్నలే. వాటిలో రెండింటికి ఆయనకూ జవాబు తెలియదు. అమలాపురంలో వీరబ్రహ్మం గారనే పెద్ద పండితుడున్నారు, కనుక్కునిగాని చెప్పనని టైపు చేశాడు.

"అది తప్పు చేసిందని ఇంక వాడవేమో అనుకున్నాను," అంది సహస్ర.

"దానికేం తెలుసే తల్లీ. నేను చెప్పందీ, చదవందీ. మెసేజీ ఏ రంగులో ఉండాలో, బటన్లు ఎంతుండాలో, అదంతా దాని ఇష్టం. అక్కడ మమ అనేస్తాను, నాకేం పట్టింపు లేదు. తిథి దగ్గర మాత్రం నన్నడిగి తీరాల్సిందే. గారెలు చల్లారితే చల్లారాయి."

సహస్ర నవ్వబోయి ఆగిపోయింది. తండ్రి లేచి పెరటివైపు వెళుతున్నాడు. "నాన్నా, వద్దు," అంది వెనకనుంచి. ఆయన వినిపించుకోలేదు. కోడు చదవకుండా ఓకే అన్నప్పుడు పడని బరువంతా ఇప్పుడు నాలుగడుగుల వసారా దాటడానికి పడింది పాపం ఆయనకు.

మాణిక్యాంబ గారు పెరటి మెట్టుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. మణిశంకర్ కింది మెట్టుమీద కూర్చున్నాడు. అమ్మకు వినిపించాలి కాబట్టి గట్టిగా చెప్పాలి. ఇలాంటి మాట గట్టిగా చెప్పడం ఎంత కష్టమో! ఎదురింటి పెద్దిరాజు గారికి వినపడినా సరేనని చెప్పేశాడు. "అమ్మా, నాన్న తిథి నేను తప్పు చెప్పాను. ఆదివారం కాదు, శనివారం. మధ్యాహ్నానికి తిథి శనివారమే ఉంది. నేను చూసుకోలేదు. ఒక రోజు ఆలస్యంగా పెట్టాను."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అలమారలో పంచాంగం తెమ్మంటారనుకున్నాడు. తెమ్మనలేదు. ఎటో చూస్తూ, "శనివారం మనం ఏం వండుకున్నాంరా?" అన్నారు.

"గుర్తులేదమ్మా."

"నాకు గుర్తుంది. గుత్తొంకాయ. పిల్లొచ్చిందని నువ్వే తెచ్చావు కాయలు, లేతవి. మర్నాడు తద్దినమని ఉల్లిపాయ వెయ్యకుండా చేశాను. నేనే రెండోసారి వడ్డించుకుని తిన్నాను."

మణిశంకర్‌కు ఏడుపాగలేదు. అంత మగవాడూ తల్లి మోకాలిమీద తల పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నం కోసం నాన్న వచ్చి నిలబడ్డ రోజున, తామంతా విస్తళ్ళముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తిన్నారని తలుచుకుంటే ఎవరికి మాత్రం ఆగుతుంది? గుమ్మంలో సహస్ర కళ్ళు తుడుచుకుంటోంది.

మాణిక్యాంబ గారు చేతిలో కాయ పక్కన పెట్టారు. కొడుకు తలమీద చెయ్యి వేసి ఉంచారు. ఆనక ఏమనుకున్నారో ఏమో, పెదవి కొసన చిన్న నవ్వు మెదిలింది.

"ఒరే మణీ. మీ నాన్నతో నలభై ఏళ్ళు కాపరం చేశాను. ఏ ఊళ్ళో తద్దినమైనా ఆయనే వెళ్ళాలి. మూడింటికో నాలుగింటికో వచ్చేవారు, గారెలూ పరమాన్నం తిని, తేన్చుకుంటూ. ఆయనొస్తేగాని నేను మెతుకు ముట్టకూడదని మా అత్తగారి నియమం. కళ్ళు తిరిగేవి. తిన్నావుటే మాణిక్యం అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు, మహానుభావుడు."

పైటకొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నవ్వూ ఏడుపూ రెండూ కలిసిపోయాయి ఆ ముఖంలో.

"పోనీలేరా. ఒక్క రోజు ఆయన నా వంట కోసం ఎదురుచూశారు. చూడనీ. ఆకలంటే ఏంటో ఆయనకీ తెలియాలిగా."

మళ్ళీ చిక్కుడుకాయ అందుకుని ఈనె తీశారు. ఇంకోటి తీశారు. మూడోది సగంలో ఆగింది.

"తిథి తప్పినవాళ్ళకి అమావాస్య ఉందిగా. ఆ రోజు మళ్ళీ పెట్టు," అన్నారు. "రెండు గారెలు ఎక్కువ వేస్తాను, పాపం."